ఈశాన్యం గోడ

ఆటో దిగగానే బాలకు బూడిద ఇటుకల యార్డు కనిపించింది. నిన్నటిదాకా ఈ గేటు దగ్గర నిలబడితే ఆ యార్డు చప్పుడు వినపడేదే గాని యార్డు కనపడేది కాదు. ఇప్పుడు గోడకవతల బూడిద గుట్ట, దాని పక్కన తిరుగుతున్న మిక్సరు, పట్టా కప్పకుండా నిలబెట్టిన లారీ, లారీ మీద ముక్కుకు తువ్వాలు కట్టుకుని పార విసురుతున్న మనిషి, అంతా చెయ్యి చాపితే తగిలేటట్టుంది. ముందు తను వేరే అపార్ట్‌మెంటు దగ్గర దిగిందేమో అనుకుంది. తరవాత ఆటో వెళ్ళిపోతోందని, మందుల సంచి అందులో ఉండిపోయిందేమోనని తడుముకుంది. సంచి చేతిలోనే ఉంది. చిన్ని చెయ్యీ చేతిలోనే ఉంది.

“అమ్మా, మన చెట్లేవి?” అంది చిన్ని.

అప్పుడు చూసింది. ఈశాన్యం గోడ పొడుగునా మొదళ్ళు. మోకాలి ఎత్తు కూడా లేవు. కోసిన చోట తెల్లగా ఉంది, ఆ తెలుపు అంచున జిగురు ఊరుతోంది. నరికిన కొమ్మలు ఓ మూల కుప్పేసి ఉన్నాయి. పైకి సిమెంటు రంగు. తిరగేసిన కొమ్మ లోపల మాత్రం పచ్చగా ఉంది. చెట్టు పడ్డ చోటల్లా గచ్చు మీద చెట్టు ఆకారంలోనే బూడిద అచ్చు పడింది, కొమ్మకు కొమ్మ. వాచ్‌మన్ భార్య బుల్లెమ్మ ఆ అచ్చుల మీద నీళ్ళు జల్లి ఊడుస్తోంది.

“ఎవరు కొట్టించారే?” అంది బాల.

“ప్రెసిడెంటుగారక్కా. పొద్దున మీరటు ఆస్పత్రికి బయల్దేరారో లేదో రంపం మిషనొచ్చేసింది. మీరొచ్చేలోపల అయిపోవాలన్నారు.” బుల్లెమ్మ చీపురు ఆపింది. “మా ఆయన్ని తాడు పట్టుకోమన్నారక్కా. పట్టుకున్నాడు. ఏం చేస్తాం, జీతం ఆయన చేతిలో ఉంది.”

ఇదే అపార్ట్‌మెంటులో ఉండే డయానా మేడం వాటిని సైప్రస్ చెట్లంటుంది. పిల్లలకవి క్రిస్మస్ చెట్లు. వాచ్‌మన్ యేసుకుమార్ సరుగుడంటాడు, కాదని చెప్పినా వినడు. కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చిన మొక్కలవి. చిన్నికి మూడో ఏడు నడుస్తున్నప్పుడు బాల తన చేత్తో గుంతలు తవ్వి నాటింది. అప్పుడు పిల్లా మొక్కా ఒకటే ఎత్తు. పిల్ల కంటే మొక్కలే తొందరపడి పెరిగాయి, మొదటి అంతస్తు రెయిలింగు దాకా.

చిన్ని వంగి ఒక మొదలు మీది జిగురు వేలితో తాకింది. “ముట్టుకోకు!” అని అరిచింది బాల. ఎందుకు అరిచిందో తనకే తెలియలేదు.

*

అసోసియేషన్ ప్రెసిడెంటు దుర్గాప్రసాద్‌ది సరిగ్గా వాళ్ళ పై ఫ్లాటు. కృష్ణానది అవతల పొలాలు కౌలుకిచ్చి ఇక్కడ మూడు ఫ్లాట్లు కొనుక్కున్న మనిషి. బాలా వాళ్ళుండే కింద వెనకవైపు ఫ్లాటు కూడా ఆయన తమ్ముడిదే. బాల మెట్లెక్కి వెళ్ళేసరికి హాల్లో కుర్చీలో కాఫీ తాగుతున్నాడు. లోపలి గదిలో పసివాడు సన్నగా ఏడుస్తున్నాడు. ఆయన కూతురు పురిటికొచ్చింది.

“రా అమ్మా, కూర్చో. చిన్నికెలా ఉంది?”

బాల కూర్చోలేదు. “చెట్లు కొట్టించారు, బాబాయిగారూ.”

“కొట్టించాల్సొచ్చిందమ్మా.” ఆయన కప్పు కింద పెట్టాడు. “మావాడు పుట్టగానే కామెర్లని అద్దాలపెట్టెలో పెట్టారు, నీకు తెలుసుగా. నాకు నిద్ర లేదు. వాస్తు చూసేవాణ్ణి పిలిపించాను. గేటు లోపలికి అడుగు పెడుతూనే అన్నాడు, ఈశాన్యంలో అంత బరువేంటండీ అని. పైగా అవి సమాధుల తోటల్లో పెట్టే చెట్లంట. బారసాల లోపల తీసెయ్యమన్నాడు.”

“మా పిల్లకి ఊపిరాడదండీ. ఆ బూడిదకి అవే అడ్డం.”

“విజయవాడ చుట్టుపక్కల దుమ్ము లేని చోటెక్కడుందమ్మా? చెట్టేమన్నా జల్లెడా, పట్టి ఆపడానికి?”

“ఒక్క మాట నన్నడగలేదు.”

“అద్దెకుండేవాళ్ళని అడగాలని ఎక్కడా లేదు. మొక్క నువ్వు పెట్టావు, కాదనను. నేల అసోసియేషన్‌ది.” కసురుకోలేదు. మంచిగానే చెప్పాడు. అదే బాలకు ఒళ్ళు మండించింది. “నాలుగు కుండీలు తులసి తెప్పిస్తాలే. ఈశాన్యానికి మంచిది, గాలికీ మంచిది.”

బాల నోట్లో చాలా మాటలు తిరిగాయి. నీ చెయ్యి పడిపోను అనేది వాటిలో చిన్నది. ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు, చేస్తే ఎక్కడికి పోతాం, కొత్తచోట పిల్లకు రాత్రిపూట ఆయాసం వస్తే ఆటో ఎవరు పిలుస్తారు, అన్న ఆలోచన ముందొచ్చింది. “వస్తానండీ” అని దిగింది.

మెట్ల మలుపులో డయానా మేడం ఎదురైంది. హైస్కూల్లో సైన్సు చెబుతుంది. భుజాన బ్యాగు దించకుండానే మొదళ్ళను చూసి వస్తోంది.

“నాటమన్నది నేనే కదా, బాలా” అంది. “వేపా బాదమూ ఆకు రాల్చే కాలంలోనే మనకి దుమ్మెక్కువ. ఇవి రాల్చవు. ఆకు పొలుసులు పొలుసులుగా ఒత్తుగా ఉంటుంది, పైన జిగురు. దుమ్ము అందులో చిక్కుకుంటుంది, వానొస్తే వేళ్ళ దగ్గరికి కడుక్కుపోతుంది. అంతా ఆపుతాయని కాదు. కొంత ఆపుతాయి. మీ చిన్నికి ఆ కొంతే పెద్ద తేడా.”

“సమాధుల చెట్లంట మేడం.”

డయానా నవ్వింది, నవ్వు సగంలో ఆగింది. “మా నాన్న సమాధి మీద గడ్డి పరక లేదు, ఎండకి మాడిపోతోంది. ఆ వాస్తాయన్ని అక్కడ నాలుగు నాటించమను.” తరవాత బాల ముఖం చూసి గొంతు తగ్గించింది. “కోపంలో ఏమీ చెయ్యకు.”

“నేనేం చేస్తాను మేడం. చీరలకు గంజి పెట్టుకునేదాన్ని.”

*

బాల పుట్టింది మంగళగిరిలో, మగ్గం ఉన్న ఇంట్లో. నూలుకు గంజి ఎంత పట్టాలో ఆమె వేళ్ళకు తెలుసు. అదే ఇక్కడ బతుకుతెరువైంది. టీచర్లు, వకీళ్ళ భార్యలు నూలు చీరలు తెచ్చిస్తారు. ఉతికి, సగ్గుబియ్యం గంజి కాచి, పల్చటి గుడ్డలో వడకట్టి, నీలం కలిపి ముంచి, ఇంటి వెనక సందులో తీగల మీద ఆరేసి, ఇస్త్రీ చేసి ఇస్తుంది. ఆ తీగలు నిన్నటిదాకా చెట్ల నీడన ఉండేవి. భర్త కిరణ్‌కుమార్ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టులో పనిచేస్తాడు. వస్తూ వస్తూ ఎవరి చీరల మూటో ఒకటి తెచ్చి గుమ్మంలో పడేస్తాడు.

తెల్లారుతుండగా చిన్నికి ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. బాల అప్పటికే మేలుకుని ఉంది. పిల్ల ఊపిరి తీసే ప్రతిసారీ తనూ తీస్తూ, పిల్ల వదిలేదాకా తను వదలకుండా వింటూ పడుకుంది. ఇన్‌హేలరు పెట్టింది. లేపి కూర్చోబెట్టింది. వీపు రాస్తూ ఎదురుగా కిటికీ చూసింది. ఊచల మీద సన్నటి బూడిద గీత. నిన్న సాయంత్రం తుడిచిందే.

“బడికి వెళ్తానమ్మా” అంది చిన్ని.

“వద్దు.”

“డ్రాయింగుందమ్మా ఇవాళ.”

“వద్దన్నానా!” బడిలో ఆయాసం వస్తే ఎవరూ చూసుకోరు, ఎవరో ఒకరు మంచినీళ్ళు తాగించబోతారు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బాల కళ్ళ ముందు ఇదంతా నిజంగా జరిగినంత స్పష్టంగా జరిగిపోయింది. పాత దుప్పటి ఒకటి తడిపి కిటికీకి కట్టింది. దుమ్ము కొంతైనా దాని మీద ఆగుతుంది. ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ తడపాలి.

ఆ పొద్దున ఆరేసినవి ఇద్దరు టీచర్ల చీరలు. మధ్యాహ్నం తీయబోతే గరగరలాడాయి. గంజి గరగర కాదు, చేతికి తగిలే గరగర. లేత గోధుమరంగు చీర మీద యార్డు వైపు భాగమంతా మబ్బు పట్టింది. దులిపితే కొంత రాలింది, మిగిలింది గంజితో పాటు నూలులోకి ఇంకిపోయి కూర్చుంది. రెండు చీరలూ తీసుకుపోయి మళ్ళీ నానేసింది. బకెట్లో నీళ్ళు బూడిద రంగుకు తిరుగుతుంటే చూస్తూ నిలబడింది. ఇదే కదా నిన్నటిదాకా ఆ చెట్లు పట్టి ఉంచింది. ఇదే కదా రాత్రంతా చిన్ని పీల్చింది.

అంతలో పైనుంచి సీతారావమ్మ దిగింది. దుర్గాప్రసాద్ భార్య, మాటల మనిషి. చేతిలో సంచి.

“బాలా, ఆదివారం బారసాల. నువ్వూ చిన్నీ పొద్దున్నే రావాలి, పేరంటానికి పిలిచినట్టు కాదు, ఇంట్లో మనుషుల్లా. ఇవి మీ బాబాయిగారి పంచెలు. ఈ రెంటికీ గంజి గట్టిగా పెట్టు, నిలబెడితే నిలబడాలి. గన్నవరం నుంచి వియ్యాలవారొస్తున్నారు. ఇదిగో, ఈ పాతదానికి మాత్రం గంజి వద్దు. మెత్తగా ఉండాలి.”

ఎందుకని బాల అడగలేదు. ఇంకో రోజయితే అడిగేది. పొట్ట పెరిగి నడుము ఒరుసుకుంటోంది కాబోలు, ఇంకా బాగా ఒరుసుకోనీ, అనుకుంది.

“చిన్ని దగ్గుతోందా?” అంది సీతారావమ్మ కిటికీ వైపు చూసి. “చలిగాలమ్మా. మావాడూ తుమ్ముతున్నాడు పొద్దున్నించీ.”

“చలిగాలే, పిన్నిగారూ” అంది బాల.

ఆమె మెట్లెక్కేదాకా చూసి, సంచిలోంచి పంచెలు తీసింది. తెల్లటి తెలుపు, జరీ అంచు. ఆ తెలుపును చూస్తుండగానే ఆలోచన వచ్చింది. గంజి చిక్కబడ్డట్టు మెల్లగా, అడుగు నుంచి చిక్కబడింది.

*

శనివారం పొద్దున బాల ఆ పంచెలను ఎప్పుడూ ఉతకనంత శ్రద్ధగా ఉతికింది. మురికి ఆయనది కాకూడదు. కనపడేదంతా యార్డు బూడిదే కావాలి. సగ్గుబియ్యం గంజి పొయ్యి మీద తెల్లటి రంగు పోయి గాజులా అయ్యేదాకా కలిపింది. రెండు పంచెల్నీ ముంచి పిండింది. గంజి వద్దన్నదాన్ని ఉత్త నీళ్ళలో జాడించింది. వెనక సందులో రోజూ వాడే మధ్య తీగ వదిలేసి, మూడింటినీ గోడకు ఆనుకుని మొదళ్ళ పైన ఉన్న చివరి తీగ మీద వేసింది. ఆ తీగ మీద ఈ రెండు రోజులుగా ఆమె ఏదీ ఆరెయ్యలేదు.

పంచె తీగ మీద రెండుగా మడిచి వేస్తే ఒక ముఖం బయటికి, ఒక ముఖం లోపలికి ఉంటుంది. లోపలి ముఖానికి ఏమీ అంటదు. అంచులు కలిపి, జానెడు జానెడుకీ లాగి, ముడత లేకుండా సవరించింది. చేతులు అలవాటు చొప్పున చేసుకుపోతున్నాయి. లారీ వచ్చింది. వెనక తలుపు పడేసిన చప్పుడు, ఆ వెంటనే బూడిద జారిన చప్పుడు. ఈశాన్యపు గాలి దాన్ని ఎత్తుకుని గోడ దాటించింది. బాల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. తడి పంచెల మీద అది వాలడం కంటికి కనపడలేదు. కాసేపటికి తెలుపు మాసింది.

లోపల చిన్ని తలుపు కొడుతోంది. “అమ్మా, బయటికొస్తాను!”

“దుప్పటి పక్కకి తీయకు. కదలకు. బొమ్మ వేసుకో.”

రేపు ఆయన వియ్యాలవారి ముందు పంచె మడత విప్పుతాడు. పదిమందిలో. ఇదేంటీ మాసిందని కేక పెడతాడు. అప్పుడు తను అంటుంది... ఏమంటుందో చాలా రకాలుగా అనుకుని చూసుకుంది. ప్రతిసారీ ఆయన ముఖం ఒకేలా ఉంది. ఆ ముఖం కావాలి తనకు. ఆ ముఖం కోసం ఒక ఖాతా పోయినా పరవాలేదు. తరవాత ఇల్లు ఖాళీ చెయ్యమంటే? చెయ్యమననీ. ఆ మాట మొదటిసారి భయం లేకుండా అనుకుంది.

పంచెలు ఆరాయి. తియ్యలేదు. మధ్యాహ్నం కూడా ఉంచింది.

సాయంత్రం కిరణ్ మూటతో వచ్చి వెనక సందులోకి తొంగిచూశాడు. “అవింకా తియ్యలేదేంటి?”

“ఆరలేదు.”

అతను వెళ్ళి వేళ్ళతో నలిపాడు. “పెళపెళలాడుతుంటే ఆరలేదంటావేం?” వేళ్ళు చూసుకున్నాడు. తరవాత ఆమెను చూశాడు. “ఎవరివి?”

“పై వాళ్ళవి.”

కిరణ్ వేళ్ళు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “అద్దె ఇల్లే, బాలా” అన్నాడు.

“తెలుసు.”

“యార్డు వాడి మీద చూపించు నీ ప్రతాపం. బూడిద వాడిది.”

“వాడి పంచెలు నా దగ్గరికి రావుగా.”

అతనికి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. చొక్కా విప్పి చిన్ని దగ్గరికి పోయాడు.

తీగ మీద నుంచి తీసిన ఏ బట్టనైనా రెండు చేతులతో పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి గాని మడత పెట్టదు బాల. ఆ రోజు విదల్చలేదు. పిల్లను ఎత్తుకున్నట్టు మెల్లగా తీసి, బయటి ముఖం లోపలికి పోయేలా తిప్పి మడిచింది. తెల్లటి ముఖం పైకి వచ్చింది. దాని మీద మాత్రం ఇస్త్రీ పెట్టె నడిపించింది, అంచు జరీ మెరిసేలా. గంజి లేని పంచెలో బూడిద ఎక్కడా అతుక్కోలేదు. మడతల మధ్య అలాగే పొడిగా కూర్చుంది. మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. కొట్లో అద్దాల బీరువాలో పెట్టొచ్చు.

సీతారావమ్మ చేతికిస్తే ఆమె మురిసిపోయింది. “నీ చేతి పనే వేరమ్మా!”

*

ఆదివారం చిన్నిని తండ్రి దగ్గర వదిలి బాల ఒక్కతే పైకి వెళ్ళింది. హాలు నిండా మనుషులు. మామిడాకులు, శనగల వాసన, సాంబ్రాణి. ఈశాన్యపు కిటికీ బార్లా తీసి ఉంది. చెట్లున్నప్పుడు ఆ కిటికీలోంచి అంత ఎండ పడేది కాదు. సీతారావమ్మ అదే వచ్చినవాళ్ళకు చూపిస్తోంది. “చెట్లు తీసేశాక ఇల్లు ఎంత కళగా ఉందో చూడండి, వదినగారూ.” డయానా మేడం గోడ పక్కన కుర్చీలో కూర్చుని బాలకు చోటిచ్చింది.

దుర్గాప్రసాద్ లోపలి నుంచి వచ్చాడు. పట్టుపంచెలో.

బాల కళ్ళు ఆయన నడుము దగ్గర ఆగిపోయాయి. వియ్యాలవారు పెట్టిన బట్టలు. కొత్త మడత ఇంకా వదల్లేదు. ఆయన దాన్ని సవరించుకుంటూ అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. బాల చెయ్యి కుర్చీ చెయ్యిని పట్టుకుంది. ఇవాళ కట్టడు. ఎప్పుడో ఒంటరిగా మడత విప్పుతాడు, మాసింది ఉతకమని కిందికి పంపుతాడు. అంతే. ఆ చెట్లూ అంతే, నేనూ అంతే.

పంతులుగారు బియ్యం పళ్ళెంలో ఉంగరంతో పేరు రాయించారు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. చెక్క ఉయ్యాల పూలతో సిద్ధంగా ఉంది. కూతురు పసివాణ్ణి ఎత్తుకుని ముందుకొచ్చింది.

“ఆగండి, ఆగండి” అంది సీతారావమ్మ. “మా ఇళ్ళల్లో ముందు తాత పంచెలో ఊపుతాం. ఆ తరవాతే ఉయ్యాల. తాత కట్టి ఉతికిన పాతదే కావాలి, ఆయుష్షని.” బీరువా తీసింది. “ప్రత్యేకం గంజి లేకుండా చేయించాను. పసివాడి ఒంటికి ఒరుసుకుంటుందని.”

గంజి వద్దన్న పంచె.

సీతారావమ్మ ఒక కొస, వియ్యపురాలు ఒక కొస పట్టుకున్నారు. మడత మీద మడత విడుతోంది. తెలుపు, తెలుపు, ఆ తరవాత బూడిద రంగు. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వుతున్నారు, గుడ్డ చూడటం లేదు. కూతురు పసివాణ్ణి రెండు చేతుల మీద పెట్టుకుని వంగుతోంది. వాడి నోరు తెరుచుకుని ఉంది. చిటికెన వేలంత ముక్కు. ఆ ముక్కులోంచి పిల్లికూతలు బాలకు అప్పుడే వినపడ్డాయి. ఆమె కళ్ళ ముందు వాణ్ణి మళ్ళీ అద్దాలపెట్టెలో పెట్టేశారు, తెల్లకోటు వేసుకున్నవాళ్ళు తల అడ్డంగా ఊపేశారు.

“వద్దు!”

అప్పుడే ఎవరో ఎత్తుకున్న లాలి పాట తెగిపోయింది. శుభమా అని బారసాల జరుగుతుంటే వద్దు అన్నదెవరని తలలన్నీ తిరిగాయి. బాల అప్పటికే మనుషుల మధ్య నుంచి తోసుకుపోయి పంచె లాగేసుకుంది. “పిల్లాణ్ణి వెయ్యకండి. లోపలికి తీసుకుపోండి!” వెనక్కి తిరిగి, కిటికీ దగ్గరికి పోయి, రెండు చేతులతో పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించింది. చేతులకు అలవాటైన విదిలింపు. ఎండలో బూడిద లేచింది. మెల్లగా, తొందరేమీ లేనట్టు, అందరి కళ్ళ ముందూ తిరిగి, ఉయ్యాలకు కట్టిన బంతిపూల మీద దిగింది.

“బూడిద!” వియ్యపురాలు కొస పట్టిన చేతుల్ని చీరకు తుడుచుకుంది. “అమ్మో, పురిటింట్లో బూడిద! ఎవరే నువ్వు, ఏం చల్లావే?”

“చేతబడేమో” అన్నారెవరో వెనక నుంచి. కూతురు పిల్లాణ్ణి గుండెకు అదుముకుని గది గుమ్మందాకా వెనక్కి నడిచింది.

దుర్గాప్రసాద్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడి ఉంది. “ఏం చల్లావమ్మా?” అన్నాడు. ఆ ‘అమ్మా’లో మొన్నటి మంచితనం లేదు.



“నేనేం చల్లలేదండీ” అంది బాల. “ఆరేశానంతే.”

“ఆరేస్తే బూడిదెలా వస్తుంది?”

“మీరు కొట్టించిన చెట్ల దగ్గర ఆరేశాను. నిన్న పొద్దున వేసి సాయంత్రం తీశాను.” పంచె ఇంకా చేతుల్లోనే ఉంది. “తెలిసే వేశాను. కావాలనే దులపలేదు. మీరు కట్టుకుంటారనుకున్నాను. మీకు సిగ్గవ్వాలని. పిల్లాడి కోసమని పిన్నిగారు నాకు చెప్పలేదు.” పంచె కిందికి దించింది. “చెబితే చేసేదాన్ని కాదు.”

“ఎంత కుళ్ళమ్మా!” అంది వియ్యపురాలు.

“కుళ్ళేనండీ” అంది బాల.

గోడ అవతల లారీ తలుపు పడింది. హాల్లో అందరికీ ఆ చప్పుడు వినపడింది. డయానా మేడం లేచి వెళ్ళి కిటికీ రెక్కలు మూసింది. మూసి, తన వేళ్ళు చూసుకుని, చెయ్యి కొంచెం ముందుకు చాపింది. దుర్గాప్రసాద్ ఆ వేళ్ళ వంక చూశాడు. తరవాత బాల చేతిలోంచి పంచె తీసుకుని, తెల్లగా ఉన్న కొస ఒకటి వెతికి, దానితో ఉయ్యాల పైచెక్క తుడిచాడు. పొద్దున పూలు కట్టే ముందే తుడిచిన చెక్క. కొస నల్లబడింది. బాల్కనీలోకి వెళ్ళాడు. అక్కడ తీగ మీద పసివాడి గుడ్డలు ఆరుతున్నాయి. ఒకటి తీసి చెంపకు ఆనించుకున్నాడు. ఆనించి అలాగే ఉంచాడు.

“మొన్నటి నుంచీ తుమ్ముతూనే ఉన్నాడండీ వీడు” అంది సీతారావమ్మ లోపలి నుంచి, ఎవరికి చెబుతోందో తెలియకుండా. “జలుబనుకున్నాను.”

బాల వెళ్ళిపోబోతుంటే ఆయన పిలిచాడు. “బాలా.” పేరు పెట్టి పిలవడం అదే మొదలు. “మళ్ళీ పెట్టిస్తే... అంత ఎత్తు లేవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

బాల గుమ్మంలో ఆగింది. ఈ నాలుగు రోజులూ ఇటూ అటూ తిప్పి చూసుకున్న మాటల్లో ఇది లేదు. ఇది ఆయనే చేతిలో పెట్టాడు.

“చిన్నికి మూడో ఏడప్పుడు పెట్టానండీ. ఇప్పుడు దానికి తొమ్మిది” అంది. “మీ మనవడు పలక పట్టి బడికెళ్ళే నాటికి లేస్తాయి. అందాకా తలుపులు వేసుకోండి.”

తను చూడాలనుకున్న ముఖం ఆయన ముఖంలో కనపడింది. చూపు తిప్పుకోకుండా చూసింది. ఇంకా చూసేది, లోపల పసివాడు తుమ్మాడు. ఒకసారి, వెంటనే ఇంకోసారి. ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు.

*

సాయంత్రం చిన్ని నేల మీద బోర్లా పడుకుని బొమ్మ వేస్తోంది. గోడ, గోడ మీద పచ్చటి ముక్కోణాలు. ఊపిరి తేలిగ్గా ఉంది, ఇవాళ్టికి. బాల కిటికీకి కట్టిన దుప్పటి విప్పింది. మధ్యాహ్నం తడిపిందే, ఆరి, అడ్డంగా బూడిద చారలు పట్టి ఉంది. బకెట్లో జాడించి, పిండి, మళ్ళీ కట్టింది. మూలలు ఊచలకు గట్టిగా ముడేసింది.

“వాళ్ళు ఖాళీ చెయ్యమన్నారా?” అన్నాడు కిరణ్.

“అనలేదు. రేపంటారేమో.”

ఆమె కాసేపు బకెట్ పక్కనే గొంతుక్కూర్చుంది. తరవాత లేచి ఇనప్పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఇంకో దుప్పటి లాగింది. మంగళగిరి నుంచి తెచ్చుకున్నది, వాడకుండా దాచుకున్నది. నీళ్ళలో ముంచి, నీరు కారకుండా పిండి, చేతి మీద వేసుకుంది. కిరణ్ చూస్తున్నాడు.

పైన తలుపు సీతారావమ్మ తీసింది. ఏడ్చిన ముఖం. ఆమె వెనక హాల్లో పూలన్నీ విప్పేసిన ఉయ్యాల, దాని పక్కన కుర్చీలో ఆయన. బాల అటు చూడలేదు.

“గంజి పెట్టలేదు, పిన్నిగారూ” అని తడి దుప్పటి ఆమె చేతిలో పెట్టింది. “పిల్లాడి గది కిటికీకి కట్టండి. ఆరనివ్వకండి.”